పళ్లెంలో గుడ్డ వేయరాదు

వర్క్‌షాపులో ఆమెను పిసినారి అని పిలిచేవాళ్లు. చాటుగా కాదు, ముఖం మీదే. "పిసినారిగారూ, టీ చల్లారిపోతోంది" అని పక్క బల్ల మీద సోల్డరింగ్ చేసే పిన్ని కేకేస్తే "వస్తున్నా పిన్నీ" అని నిక్షేపంగా పలికేది. నిజానికి ఆమె ఇంట్లో మూడు గదుల్లోనూ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, కింద ఎవరూ లేకపోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆమె పిసినారితనమంతా బల్ల మీది కరెంటు దగ్గరే. ఆంపియర్‌ని పది లక్షల ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్కను మిగల్చడం కోసం వారం రోజులు తల ఎత్తకుండా కూర్చోగలదు.

అలా కూర్చుని చేసిందే పసిపిల్లల తూకం మిషను. ఇంటింటికీ తిరిగే నర్సుల సంచిలో పట్టేంతది, బ్యాటరీలతో నడిచేది. తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, దాని కింద ఒక అల్యూమినియం కడ్డీ. బిడ్డను పడుకోబెడితే ఆ కడ్డీ కంటికి ఆననంతగా వంగుతుంది. ఆ వంపులోంచి వచ్చే వోల్టేజి ఉందా లేదా అన్నట్టుంటుంది. దాన్ని పట్టుకుని, వందల రెట్లు పెంచి, అంకెగా చదవడానికి వీలుగా చేసేది గోరులో సగం కూడా లేని ఒక ఆంప్లిఫయర్ చిప్పు. ఆ చిప్పును ఏరడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. మాట ఖచ్చితంగా ఉండాలి, తిండి తక్కువ తినాలి. "అల్లుణ్ణి వెతికినట్టు వెతుకుతున్నావే" అని పిన్ని వేళాకోళం చేసింది. చివరికి దొరికింది. రెండు చిన్న బ్యాటరీలు వేస్తే ఏడాది మళ్లీ మూత తియ్యక్కర్లేదు. పెట్టె మీద ఆ మాట పెద్ద అక్షరాలతో అచ్చయిన రోజు ఆమె ఒక పెట్టెను ఇంటికి తీసుకెళ్లి మరీ చూపించుకుంది.

సోమవారం పొద్దున యజమాని ఒక ఉత్తరం, దానితో పాటు వచ్చిన ఒక వాడిన మిషను తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆయన ఏ ఉత్తరాన్నయినా నిలబడే చదువుతాడు, నిలబడే మర్చిపోతాడు. దీన్ని మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు. ఆరోగ్యశాఖ ఆఫీసు నుంచి వచ్చింది. ఒక నర్సు తూచిన పిల్లల బరువులు చుట్టుపక్కల నర్సుల బరువుల కంటే ఎప్పుడూ తక్కువగానే ఉంటున్నాయట. ఆవిడ సెలవు పెట్టిన వారం ఇంకో నర్సు వెళ్లి తూస్తే అదే పిల్లలు చక్కగా పెరిగారట. ఆవిడ తిరిగొచ్చిన వారం మళ్లీ తగ్గిపోయారట. ఒక తల్లి ఏడుస్తూ ఆఫీసుకొచ్చి ఫిర్యాదు చేసింది. విచారిస్తే, సూచనలకు విరుద్ధంగా ఆ నర్సు పళ్లెంలో గుడ్డ వేస్తోందని తేలింది. ఆవిణ్ణి ఇళ్ల తిరుగుడు నుంచి తప్పించి రికార్డుల గదికి మారుస్తున్నారు. ఆలోగా మిషను సవ్యంగా ఉన్నట్టు తయారీదారులు ధ్రువీకరణ పంపాలి.

"గుడ్డ వేయకూడదని మనం రాశాం కదా?" అన్నాడు యజమాని.

"రాశామండీ. నాలుగో సూచన. 'పళ్లెంలో గుడ్డ, కాగితం వగైరా వేయరాదు.' నేనే రాశాను."

"మరింకేం. ఒకసారి చూసి సంతకం పెట్టేయ్."

ఆమె మిషనుకు వైరు తగిలించి కంప్యూటరుకు కలిపింది. అలమర లోంచి రెండు కిలోల ఇత్తడి తూకం రాయి తీసి, మెత్తటి బట్టతో తుడిచి, పళ్లెంలో పెట్టింది. రెండు వేలు. తీసి పెట్టింది. రెండు వేలు. పదిసార్లు పెడితే ఒక్కసారి పందొమ్మిది వందల తొంభై తొమ్మిది వచ్చింది. తన చిప్పు ఆమెకు ముద్దొచ్చింది. ధ్రువీకరణ టైపు చేసి, ప్రింటు తీసి, పెన్ను మూత తీసింది.

"నాకు తెలీక అడుగుతానూ," అంది పక్క బల్ల నుంచి పిన్ని, సోల్డరింగ్ మొన తడి స్పాంజికి రాస్తూ. "గుడ్డ వేస్తే బరువు ఎక్కాలి గానీ తగ్గడమేంటే?"

ఆమె పెన్ను పక్కన పెట్టింది. గుడ్డ వేసి సున్నా బటను నొక్కడం మర్చిపోతే బిడ్డ బరువుకు గుడ్డ బరువు కలుస్తుంది. నొక్కితే అసలు బరువే వస్తుంది. ఎటు తిప్పినా తగ్గడానికి దారి లేదు. ఇంత చిన్న సంగతి ఆఫీసులో అంతమందికి తట్టలేదు, సూచన రాసిన తనకూ తట్టలేదు. టంకం పొగల మధ్య పదిహేనేళ్లుగా కూర్చున్న పిన్నికి తట్టింది.

"రేపొక్కరోజు ఆ నర్సమ్మతో తిరిగొస్తానండీ," అని యజమానితో చెప్పింది. ఆయన మొహం ముడుచుకున్నాడు గానీ వద్దనలేదు.

*

నర్సమ్మకు యాభై దాటి ఉంటాయి. వీధి మలుపులో సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. తనను తప్పుపట్టడానికి వచ్చిన మనిషి అనుకుని ముందే తల దించుకుంది.

"మేడమ్, గుడ్డ వేయడం తప్పేనంట కదా. ఆఫీసులో చెప్పారు. ఏం చెయ్యను, పళ్లెం చల్లగా ఉంటుంది. బిడ్డ ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడ్డ బిడ్డ కాళ్లూ చేతులూ కొట్టుకుంటే అంకె నిలబడదు. అందుకని..."

"ఇవాళ మీ పద్ధతి చూడటానికే వచ్చానండీ నర్సమ్మగారూ. తప్పు తర్వాత చూద్దాం."

"శుక్రవారం దాకా నావే ఈ ఇళ్లు. ఆ తర్వాత గదిలో కూర్చోబెడతారట." నర్సమ్మ సంచి ఎత్తుకుని ముందు నడిచింది.

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఇత్తడి రాయి ఉన్న సంచి మోసుకుని ఎక్కేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది, నర్సమ్మకు రాలేదు. తలుపు తీసిన అమ్మాయి నర్సమ్మను చూసి మొహం తిప్పుకుంది. ఆఫీసుకెళ్లి ఏడ్చిన తల్లి ఈమే. ఒంటిగది ఇల్లు, కిటికీ పక్కన మంచం, మంచం మీద చిన్న మూటలా బిడ్డ.

"మీరేనా మిషను చేసింది?" అంది ఆ అమ్మాయి, ఆమెతో మాత్రమే. "అయితే మీరే తూచండి. ఈవిడ తూస్తే నా బిడ్డ తగ్గిపోతోంది. ఈవిడ సెలవు పెట్టిన వారం వేరే నర్సు వస్తే రెండు వేల అయిదు వందల పదిహేను వచ్చింది. ఆసుపత్రికి కూడా వెళ్లక్కర్లేదంది."

ఆమె పొద్దున తిరిగిచ్చిన మిషనును నర్సమ్మ తన సంచి లోంచి తీసి మళ్లీ ఆమె చేతికిచ్చింది.

ఆమె తాను రాసిన సూచనల ప్రకారమే చేసింది. చదునైన నేల మీద పెట్టింది. బటను నొక్కింది. మిషను నిద్ర లేచి, తనంతట తానే సున్నా పట్టుకుని, సున్నా చూపించింది. వెంటనే బిడ్డను పడుకోబెట్టింది. చల్లటి ప్లాస్టిక్ తగలగానే బిడ్డ చేతులు గాల్లోకి విసిరి కేరుమంది. అంకె అటూ ఇటూ ఊగి చివరికి నిలబడింది. రెండు వేల అయిదు వందల నలభై అయిదు.

"చూశారా!" అంది తల్లి. ఆ మొహంలో వెలుగు చూసి ఆమెకూ సంతోషమేసింది.

"ఇప్పుడు మీరు తూచండి," అంది నర్సమ్మతో.

నర్సమ్మ బిడ్డను తీసి తల్లికిచ్చింది. సంచి లోంచి ఉతికి ఉతికి మెత్తబడిన పాత గుడ్డ ఒకటి తీసి పళ్లెంలో పరిచింది. రెండు అరచేతులూ దాని మీద బోర్లించి, వెచ్చబెడుతూ, ఏ తొందరా లేకుండా అడిగింది. "రాత్రి ఎన్నిసార్లు లేచిందమ్మా?" తల్లి పొడిగా "రెండుసార్లు" అంది. "లేచినప్పుడు తాగిందా, నోట్లో పెట్టుకుని పడుకుందా?" తల్లి బిడ్డ దుప్పటి సర్దుకుంది. నర్సమ్మ చేతులు తీసి, సున్నా బటను నొక్కి, సున్నా వచ్చాక బిడ్డను పడుకోబెట్టింది. ఈసారి బిడ్డ కదల్లేదు. రెండు వేల నాలుగు వందల అరవై.

తల్లి మొహం పాలిపోయింది. "గుడ్డ తీసేసి తూచండి!"

ఆమె గుడ్డ తీసేసింది. ఈసారి తాను కూడా సున్నా బటను నొక్కి తూచింది. రెండు వేల నాలుగు వందల అరవై. గుడ్డ ఉన్నా అదే, లేకపోయినా అదే. మరి మొదటి అంకె ఎక్కణ్ణించి వచ్చింది? ఎనభై అయిదు గ్రాములు గాల్లోంచి ఊడిపడ్డాయి.

"కాసేపు కూర్చోవచ్చా అమ్మా?" అంది. "మిషను పూర్తిగా ఆగనిద్దాం. తర్వాత మళ్లీ చూస్తాను."

ఇరవై నిమిషాలు కూర్చున్నారు. తల్లి మంచం మీద అటు తిరిగి బిడ్డకు పాలివ్వసాగింది. బిడ్డ నాలుగు గుక్కలు తాగి కళ్లు మూసేసింది. నర్సమ్మ లేచి వెళ్లి, బిడ్డ అరికాలిని చిటికెన వేలితో గీరింది. బిడ్డ మళ్లీ రెండు గుక్కలు తాగింది. మళ్లీ గీరింది. తల్లికి ఈ నర్సు మీద ఎంత కోపమున్నా ఆ చేతిని మాత్రం తోసెయ్యలేదు. ఆమె గోడకానుకుని అదంతా చూస్తూ కూర్చుంది. తాను ఇంతవరకు ఇత్తడి రాళ్లనే తూచింది, వాటికి చలి ఉండదు.

మిషను నిద్రలోకి జారి చాలాసేపయింది. ఆమె బటను నొక్కింది. సున్నా. వెంటనే ఇత్తడి రాయి పెట్టింది.

రెండు వేల ఎనభై అయిదు.

రాయి మీద రెండు కిలోలని చెక్కి ఉంది. ముగ్గురూ ఆ చెక్కడాన్నీ, ఆ అంకెనూ మార్చి మార్చి చూశారు. రాయి తీసి, సున్నా నొక్కి, మళ్లీ పెట్టింది. సరిగ్గా రెండు వేలు.

"రాయి పెరగదు కదా మేడమ్," అంది నర్సమ్మ మెల్లగా.

"అంటే నా బిడ్డ తగ్గలేదా?" అంది తల్లి.

"తగ్గలేదమ్మా. కానీ పెరగాల్సినంత పెరగనూ లేదు. వారానికి ఇరవై గ్రాములు కూడా లేదు. అందుకే మొదటివారం నుంచీ ఆసుపత్రికి అంటున్నాను. తాగే ఓపిక లేక పడుకుంటోంది గానీ, కడుపు నిండి కాదు."

తల్లి రాయి వైపు ఇంకోసారి చూసింది. ఆ తర్వాత లేచి బిడ్డకు ఇంకో దుప్పటి చుట్టడం మొదలుపెట్టింది. నర్సమ్మ సంచి మీద కాగితం పెట్టుకుని ఆసుపత్రికి చీటీ రాసింది. "నేనూ వస్తాను, పద" అంది.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక ఆమె "మిషను నేను తీసుకెళ్లి చూస్తాను" అని మాత్రం అనగలిగింది. ఇంత చిన్న మాట వెనక దాక్కున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నర్సమ్మ తల ఊపి రెండడుగులు వేసి ఆగింది. "మేడమ్, మిగతా నర్సులు గుడ్డ వేయరు కదా?"

"వేయరు. వేయకూడదని..." నాలుగో సూచన గుర్తొచ్చి ఆగింది.

నర్సమ్మ ఏదో లెక్క గుర్తొచ్చినట్టు భ్రుకుటి ముడిచి, బిడ్డ తల్లి వెనకాల నడిచింది.

*

బుధవారం పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని మిషనుకు వైరు తగిలించింది. రాయి పెట్టింది. రెండు వేలు. వైరు పీకేసి, అరగంట ఆగి, బటను నొక్కి పెట్టింది. రెండు వేల ఎనభై నాలుగు. మళ్లీ వైరు, రెండు వేలు. మళ్లీ వైరు లేకుండా, రెండు వేల ఎనభై ఆరు.

అప్పుడు అర్థమయింది. వైరు తగిలించి ఉన్నంతసేపూ మిషను నిద్రపోదు. కంప్యూటరు దాన్ని మేల్కొలిపే ఉంచుతుంది. మేలుకుని ఉన్న ఆంప్లిఫయర్ ముత్యాల్లాంటి అంకెలు చెబుతుంది. ఆరు నెలల పాటు ఈ బల్ల మీద తాను చూసి మురిసిపోయింది ఆ అంకెలనే. బయట, సంచిలో, చిప్పు నిద్రపోతుంది. అంత తక్కువ తిండి తినే చిప్పు నిద్ర లేవడానికి కూడా నెమ్మదిగానే లేస్తుంది. ఒళ్లు విరుచుకుని సరిగ్గా నిలబడటానికి సెకనున్నర కావాలి. తానేమో సెకనులో పదోవంతు ఇచ్చి, సున్నా ఎంతో చెప్పమంది. అది ఇంకా కిందే ఉండగా చెప్పిన సున్నాను పట్టుకుని మిషను బిడ్డ బరువు లెక్కగట్టింది. నర్సమ్మ గుడ్డ పరిచి, అరచేతులతో వెచ్చబెట్టి, రాత్రి ఎన్నిసార్లు లేచిందని అడిగేలోపు చిప్పు తేరుకునేది. అప్పుడు నొక్కిన సున్నా నిజమైన సున్నా.

ఎంత బ్యాటరీ మిగిల్చాననుకుని ఆ సెకనున్నర కోసేసిందో లెక్క వేసి చూసుకుంది. మొత్తం ఏడాదిలో ఇరవై రోజులు. పెట్టె మీద పెద్ద అక్షరాల కోసం ఇరవై రోజులు.

"పరీక్షించలేదా మరి?" అంది పిన్ని, నమ్మలేక.

"పరీక్షించాను పిన్నీ. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో చూసినప్పుడు బరువు చూడలేదు. బరువు చూసినప్పుడు బ్యాటరీ మీద లేదు."

పిన్ని సోల్డరింగ్ మొనను స్టాండులో పెట్టి, వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి ఆ రోజు అలా చెయ్యి వేసేసరికి ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

యజమాని అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు, విన్నంతసేపూ మిషను పళ్లేన్ని వేలితో నిమురుతూనే ఉన్నాడు.

"కొత్త బ్యాచిలో సరిచేద్దాం," అన్నాడు చివరికి. "బయట నూట నలభై మిషన్లున్నాయి. అన్నీ తప్పే అని ఇప్పుడు మనమే రాస్తే రేపు మన గడపెవరు తొక్కుతారు? 'కొన్ని పరిస్థితుల్లో స్వల్ప తేడా రావచ్చు' అని రాయి. నెమ్మదిగా ఒక్కొక్కటీ వెనక్కి రప్పిద్దాం."

"ఈలోగా ఆవిణ్ణి రికార్డుల గదిలో కూర్చోబెడతారండీ."

"రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. నీడపట్టున కూర్చుంటుంది. అదేమన్నా జైలా?"

ఆ మాట ఆమెకు కూడా ఒక్క క్షణం సబబుగానే అనిపించింది. అలా అనిపించినందుకు సాయంత్రం దాకా సిగ్గుపడుతూనే ఉంది.

ఇంటికొచ్చి అన్నం దగ్గర భర్తకీ, హైస్కూల్లో చదివే కూతురికీ చెప్పింది. చిప్పు గురించి మొదలుపెట్టి నిద్ర గురించి చెప్పి, గుడ్డ దగ్గరికి వచ్చేసరికి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"నువ్వు తప్పు రాశావని ఆవిడకి చెప్పావా?" అంది కూతురు.

"లేదే."

"ఎందుకు?"

ఆమె గ్లాసులో నీళ్లు ఇటూ అటూ తిప్పింది. భర్త ఆమె కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తూ, "రాస్తే ఉద్యోగం పోతుందా?" అన్నాడు.

"పోవచ్చండీ."

"రాయకపోతే నువ్వు ఇలాగే తింటావు. అది నేను రోజూ చూడలేను. రాసెయ్."

గురువారం ఉత్తరం మూడుసార్లు రాసింది. మొదటిదాంట్లో 'స్వల్ప తేడా' ఉంది. రెండోదాంట్లో ఆంప్లిఫయర్ గురించి రెండు పేజీలుంది, చదివితే తప్పు ఎవరిదో ఎవరికీ అంతుపట్టదు. మూడోది ఇలా ఉంది: 'నిద్ర లేచిన వెంటనే తూస్తే ఈ మిషను ప్రతి బిడ్డనూ ఎనభై అయిదు గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. ఈ తప్పు నాది. పళ్లెంలో గుడ్డ వేయరాదని రాసింది కూడా నేనే. మీ నర్సు తూచిన బరువులే సరైనవి. మిగతా వాళ్లందరూ నా సూచనలు పాటించారు కాబట్టి వాళ్ల బరువులు తప్పు. మిషన్లు సరిచేసేదాకా అందరూ గుడ్డ పరిచి, కాసేపాగి, సున్నా బటను నొక్కి తూచాలని కోరుతున్నాను.'

యజమాని దాన్ని నిలబడే చదివాడు. చాలాసేపు చదివాడు. "కంపెనీ కాగితం మీద వద్దు," అన్నాడు. "పంపాలనుకుంటే నీ పేరు మీద పంపుకో. నేను ఆపను. నేను చూశాననీ చెప్పకు."

ఆమె మామూలు తెల్లకాగితం మీద మళ్లీ రాసి, కింద తన పేరు రాసి, సంతకం చేసింది.

*

శుక్రవారం ఆ ఉత్తరాన్ని ఆరోగ్యశాఖ ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకుని, రికార్డుల గది ఎక్కడుందో అడిగి వెళ్లింది. నర్సమ్మను చెప్పిన రోజు కంటే ముందే, బుధవారమే అక్కడికి పంపేశారు. ఒక గొట్టపు లైటు, నేల నుంచి పైకప్పు దాకా రిజిస్టర్లు, మధ్యలో బల్ల. నర్సమ్మ కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది, వేళ్లకు దుమ్ము అంటుకుని ఉంది. చుట్టూ పది పన్నెండు రిజిస్టర్లు తెరిచి పెట్టుకుంది.

దారి పొడుగునా ఆమె ఏం అనాలో కూర్చుకుంటూ వచ్చింది. ఆవిడ మీద మచ్చ పోతుంది, మళ్లీ ఇళ్లకు పంపిస్తారు, ఆ మాట తానే ముందు చెప్పాలి. ఆవిడ మొహం విప్పారడం తాను చూడాలి. మనసులో ఎక్కడో, క్షమించానన్న మాట కోసం కూడా ఆశ ఉంది.

"అక్కా," అంది, మేడమ్లూ గార్లూ పక్కన పెట్టి. "తప్పు నాది. మీరు చేసిందే సరైనది. రాసి ఇచ్చాను, ఇదిగో నకలు."

నర్సమ్మ కాగితం అందుకుని, మడత విప్పకుండానే రిజిస్టరు కింద పెట్టింది. "తర్వాత చదువుకుంటానమ్మాయ్. మొన్న మనం తూచిన బిడ్డను ఆసుపత్రిలో ఉంచుకున్నారు. గొట్టంతో పాలు పడుతున్నారు, నిన్న ముప్ఫై గ్రాములు పెరిగింది." అని, ఒక పొడుగాటి కాగితాన్ని ఆమె వైపు తిప్పింది. "ముందు ఇది చూడు."

రెండు వరుసల్లో పేర్లు, వీధులు, అంకెలు. నలభై ఒక్క మంది.

"రెండున్నర కిలోల లోపుంటేనే ఆసుపత్రికి చీటీ రాస్తాం. పైనుంటే రాయం. ఈ నాలుగు నెలల్లో మిగతా నర్సులు తూచిన వాళ్లలో, రెండున్నర కిలోలకు పైన ఎనభై అయిదు గ్రాముల లోపే ఉన్నవాళ్లు వీళ్లు. బొటాబొటీగా పైనున్నట్టు కనిపించి తప్పిపోయిన వాళ్లు. ఈ గదిలోకి తోశారు కాబట్టి దొరికారు, లేకపోతే నాకు ఈ పుస్తకాలు ఎవరిస్తారు?"

ఆమె అంకెల మీద వేలు పెట్టి కిందికి జరిపింది. రెండు వేల అయిదు వందల పది. రెండు వేల అయిదు వందల నలభై. ప్రతి అంకెలోనూ తన ఎనభై అయిదు గ్రాములున్నాయి. తాను మూడు రోజులుగా ఒక నర్సు గురించీ, ఒక ఉద్యోగం గురించీ ఏడ్చింది. ఈవిడ ఆ మూడు రోజులూ కూర్చుని నలభై ఒక్క మందిని ఏరింది.

"ఇవాళ నాకు ఇళ్లకు వెళ్లే పని లేదు, చీటీ రాసే అధికారం లేదు," అంది నర్సమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "కానీ మధ్యాహ్నం సెలవు పెట్టాను. నీ దగ్గర బాగున్న మిషనుందా?"

"నిన్నే ఒకటి సరిచేశాను. రాయి కూడా సంచిలోనే ఉంది."

"మరి పద."

మొదటి ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల అవతల. ఒక పెద్దావిడ తలుపు తీసి, లోపలికి రానిచ్చి, మళ్లీ పీట మీద కూర్చుని బియ్యం ఏరుకోసాగింది. కోడలు బిడ్డనెత్తుకుని గది గుమ్మంలో నిలబడింది. కొన్ని వారాల బిడ్డ, ఇంకా మెడ సన్నగానే ఉంది. నర్సమ్మ, పక్కనే సంచి పట్టుకుని నిలబడ్డ ఆమె మోచేతిని తట్టింది. "నువ్వే చెప్పమ్మాయ్. నీ మాటగా వినాలి వాళ్లు."

ఆమె కోడలి ఎదుటికి వచ్చి నిలబడింది. "అమ్మా, మీ బిడ్డను తూచిన మిషను చేసింది నేనే. అందులో తప్పుంది. ఉన్న బరువు కంటే ఎక్కువ చూపించింది. తప్పు నర్సుది కాదు, మీది కాదు, నాది. ఒకసారి మళ్లీ తూచడానికి వచ్చాం."

బిడ్డ వీపు మీద కోడలి చెయ్యి కదలకుండా ఆగిపోయింది.

"ఎక్కువ చూపించిందా?" అంది.

"అవునమ్మా."

"బిడ్డ పాలు తాగట్లేదని నేను నెలరోజుల నుంచీ చెప్తున్నాను." గొంతు పెంచలేదు. "తాగకుండానే పడుకుంటోందని. ఏడవడానికి కూడా ఓపిక లేదని. అంకె బాగుంది కదా, నీదంతా అనుమానం అన్నారు. అందరూ అన్నారు. నాకే పిచ్చేమో అనుకున్నాను."

బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. పెద్దావిడ తల ఎత్తలేదు.

నర్సమ్మ గుడ్డ పరిచింది. ఆమె బటను నొక్కి, ఆగి, సున్నా పట్టి, బిడ్డను రెండు చేతులతో అందుకుని పడుకోబెట్టింది. చేతులకు బరువు తెలిసింది, అంకె ఇంకా రాకముందే తెలిసింది. "రెండు వేల నాలుగు వందల ముప్ఫై," అని పైకి చదివింది. నర్సమ్మ జేబు లోంచి పెన్ను తీసి కాగితం మీద ఆసుపత్రి పేరూ, అడగాల్సిన డాక్టరమ్మ గది నంబరూ రాసింది.

కోడలు అంకె వైపు చూడటం లేదు. అత్తగారి వైపు చూస్తోంది.

పెద్దావిడ చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచింది. వచ్చి పళ్లెం లోంచి బిడ్డను తీసి భుజాన వేసుకుంది. కోడలి మొహంలోకి చూడలేక, గుమ్మం దగ్గర విడిచిన ఆమె చెప్పుల వైపు చూస్తూ అంది.

"చెప్పులేసుకో తల్లీ. నువ్వు చెప్పిందే నిజం. పద, నేనూ వస్తాను."